చీకటి నిజంగా చీకటేనా?

కిడ్నీ బయాప్సీ రిపోర్టులో మామూలు మనిషి దాటేసే వరుస ఒకటుంటుంది. ఇమ్యునోఫ్లోరసెన్స్: నెగటివ్. సూదితో తీసిన మూత్రపిండపు ముక్కను పలచటి పొరలుగా కోసి, వాటి మీద రంగు తగిలించిన యాంటీబాడీలు పోస్తారు. ఐజీజీ, ఐజీఏ, సీ3 వంటి ప్రొటీన్లు ఆ కణజాలంలో పేరుకుని ఉంటే, నీలి వెలుతురు పడగానే ఆ చోట్లు పచ్చగా మెరుస్తాయి. ఆ మెరుపునే ఫ్లోరసెన్స్ అంటారు. ఏమీ పేరుకోకపోతే మైక్రోస్కోపు కింద కనిపించేది నలుపే. శ్రీకాకుళం జిల్లాలో కిడ్నీ జబ్బు పట్టి పీడిస్తున్న ఉద్దానం ప్రాంతపు రోగుల బయాప్సీల్లో వైద్యులు ఎక్కువగా గుర్తించింది మూత్రపిండంలోని సన్నటి నాళికలకూ వాటి మధ్య కణజాలానికీ జరిగిన నష్టం. ఇలాంటి జబ్బులో ఇమ్యునోఫ్లోరసెన్స్ సాధారణంగా నలుపుగానే వస్తుంది. కొన్ని జబ్బులు కావని తేల్చి చెప్పేది ఆ నలుపే. అంటే ఇక్కడ చీకటే పరీక్షా ఫలితం.

ఆ చీకట్లోకి ఎక్కడినుంచో కాస్త వెలుగు చొరబడితే? లేని ప్రొటీను ఉన్నట్టు కనిపిస్తుంది. లేదా నిజంగా ఉన్న సన్నటి మెరుపు ఆ మసకలో కలిసిపోతుంది.

మా పాతపట్నం ఉద్దానంలో భాగం కాదు. మహేంద్రతనయ నది ఒడ్డున, పర్లాకిమిడికి ఆనుకుని, ఒడిశా సరిహద్దులో ఉన్న ఊరు. కానీ కవిటి, సోంపేట, పలాస వైపు మాకు చుట్టరికాలున్నాయి, డయాలసిస్ అనే మాట ఇంట్లో మాటైపోయింది. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. పరిశోధన అన్నాక మైక్రోస్కోపులు వస్తాయి, మైక్రోస్కోపుల వెంట లేజర్లు వస్తాయి. ఆ లేజర్ల వెలుగు దారి తప్పితే ఎలా పట్టుకోవాలో మన పిల్లలకు తెలిసి ఉండాలన్నది నా కోరిక. అందుకే ఈ వ్యాసం.

రోజువారీ బయాప్సీలను మామూలు ఫ్లోరసెన్స్ మైక్రోస్కోపుతోనే చూస్తారు. కణజాలంలో లోతుకు వెళ్లి పొరపొరగా చూడాలంటే కావలసింది కాన్ఫోకల్ మైక్రోస్కోపు. అందులో లేజర్ కిరణం ముందుగా డైక్రోయిక్ అనే అద్దం మీద పడుతుంది. ఆ అద్దం నీలి రంగును పక్కకు తిప్పుతుంది, పచ్చ రంగును తనలోంచి పోనిస్తుంది. తిరిగిన కిరణాన్ని రెండు చిన్న అద్దాలు ఊపుతూ ఉంటే, అది ఆబ్జెక్టివ్ లెన్సు ద్వారా స్లైడు మీద ఒక చుక్కగా కుదురుకుని వరుస వెంట వరుసగా కనిపించే మేరనంతా దువ్వుతుంది. రంగు అణువులు ఇచ్చిన పచ్చటి వెలుగు అదే దారిన వెనక్కి వచ్చి, డైక్రోయిక్‌ను దాటి, పిన్‌హోల్ అనే అతి చిన్న రంధ్రంలోంచి దూరి, ఒక ఫిల్టరు దాటి డిటెక్టరును చేరుతుంది. ఫోకస్‌లో ఉన్న చుక్క నుంచి వచ్చిన వెలుగు మాత్రమే ఆ రంధ్రంలో సరిగ్గా పడుతుంది. పైనుంచీ కిందనుంచీ వచ్చేది రంధ్రం అంచులకు తగిలి ఆగిపోతుంది.

నిజానికి ఈ యంత్రం పుట్టిందే అక్కరలేని వెలుగును ఆపడానికి. మార్విన్ మిన్‌స్కీ మెదడులోని నాడీకణాల అల్లికను చూడాలనుకున్నాడు. కణజాలమంతా వెలుగును చెదరగొడుతుంటే దేన్నీ విడిగా చూడలేకపోయాడు. ఒక్కో చుక్కనే వెలిగించి, ఆ ఒక్క చుక్కనే చూస్తే ఎలా ఉంటుందన్న ఆలోచనతో 1957లో పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు, 1961లో అది మంజూరైంది. ఆయన దగ్గర లేజరు లేదు, మొదటి లేజరు వెలిగింది 1960లో. లేజరుతో స్కాన్ చేసే కాన్ఫోకల్ మైక్రోస్కోపులు 1980ల చివర్లో గానీ మార్కెట్లోకి రాలేదు. లేజరు రావడంతో చుక్క పదునెక్కింది, వెలుగు బలం పెరిగింది. దాంతోపాటు ఆ బలమైన వెలుగును డిటెక్టరు దాకా రాకుండా ఆపే కష్టం కూడా పెరిగింది.

ఎంత కష్టమో ఒక లెక్క వేసి చూద్దాం. 488 నానోమీటర్ల నీలి లేజరు స్లైడు మీద 100 మైక్రోవాట్ల బలంతో పడుతోందనుకోండి. ఒక్కో పిక్సెల్ దగ్గర ఒక మైక్రోసెకను, అంటే సెకనులో పదిలక్షో వంతు, నిలుస్తుంది. ఆ కాసేపట్లో ఆ చుక్క మీద పడే ఫోటాన్లు సుమారు 25 కోట్లు. వాటి ఫలితంగా మసకగా రంగెక్కిన చోటునుంచి డిటెక్టరు లెక్కపెట్టేది కొన్ని ఫోటాన్లు, మహా అయితే కొన్ని పదులు. దసరా రోజుల్లో మా ఊరి నీలమణి దుర్గమ్మ గుడి ముందు మైకుల హోరులో పక్కనున్నవాడి గుసగుస వినాలనుకోవడం ఇంతకన్నా తేలిక.

ఇప్పుడు ఆ చుక్క కవర్‌స్లిప్ గాజు, నీరు కలిసే చోట ఫోకస్ అయిందనుకుందాం. అక్కడ పడిన వెలుగులో దాదాపు 0.4 శాతం వెనక్కి తిరుగుతుంది. అంటే 25 కోట్లలో సుమారు 11 లక్షల ఫోటాన్లు. ఫోకస్‌లోనే ఉన్నాయి కాబట్టి పిన్‌హోల్ వీటిని ఆపదు. డైక్రోయిక్ వీటిలో చాలావాటిని లేజరు వైపే తిప్పి పంపినా నూటికి ఒకటి జారిపోయిందనుకుందాం, 11 వేలు మిగులుతాయి. ఆపైన ఉన్న ఫిల్టరు మంచిదైతే పదిలక్షల్లో ఒకదాన్ని మాత్రమే వదులుతుంది. అప్పుడు వంద పిక్సెళ్లకు ఒక ఫోటాను చొప్పున వస్తుంది, ఎవరికీ కనబడదు. అదే ఫిల్టరు గీతలు పడో, పూత లేచిపోయో, వంకరగా కూర్చునో వెయ్యిలో ఒకదాన్ని వదిలే స్థితికి దిగజారితే ప్రతి పిక్సెల్‌కీ 11 ఫోటాన్లు. నిజమైన సంకేతమంత! యంత్రంలో ఏదీ విరగలేదు, ఏ ఎర్ర దీపమూ వెలగలేదు. బొమ్మ మాత్రం అబద్ధం చెబుతోంది.

ఫిల్టరు వంకరగా కూర్చోవడం చిన్న విషయంలా అనిపిస్తుంది గానీ కాదు. ఈ ఫిల్టర్లు రంగు గాజు ముక్కలు కావు. గాజు మీద పదులకొద్దీ పలచటి పూతలు వేసి, వాటి మధ్య వెలుగు తరంగాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకునేలా తయారు చేస్తారు. వెలుగు నిటారుగా పడితేనే లెక్క కుదురుతుంది. ఏటవాలుగా పడితే ఫిల్టరు తలుపు తెరిచే రంగు నీలం వైపు జరుగుతుంది. 500 నానోమీటర్ల దగ్గర మొదలయ్యే ఫిల్టరు 30 డిగ్రీలు వాలితే ఆ అంచు 480ల్లోకి జారిపోవచ్చు. 488 లేజరుకు అప్పుడు అడ్డే లేదు. మైక్రోస్కోపు లోపల గోడలన్నిటికీ నల్లరంగు పూసేది కూడా ఇందుకే. ఎక్కడో తగిలి చెదిరిన లేజరు ఏ కోణంలో వచ్చి ఫిల్టరును తాకుతుందో చెప్పలేం.

అయితే తప్పు ఫిల్టరుదేనని ముందే తీర్మానించుకుని మైక్రోస్కోపు మూతలు విప్పేవాళ్లుంటారు. అది చేయకూడదు. ముందు కంటి భద్రత: ఆ డబ్బాలోని లేజరు నేరుగా గానీ, అద్దం మీద తగిలి గానీ కంట్లో పడితే రెటీనా కాలిపోతుంది. మూత తీసే పని శిక్షణ ఉన్న సర్వీసు ఇంజనీరుది. రెండోది, మూత తీయకుండానే తప్పు ఏ వైపుందో చాలా వరకు తేల్చవచ్చు. దానికి కావలసింది ఓపిక, ఒక్కసారికి ఒక్కదాన్నే మార్చే పద్ధతి.

మొదట లేజరును ఆపేసి, మిగతావన్నీ అలాగే ఉంచి ఒక బొమ్మ తీయాలి. డిటెక్టరు బలం, పిన్‌హోల్ సైజు, స్కాన్ వేగం, ఏదీ కదపకూడదు. ఈ బొమ్మలో ఏ వెలుగు కనబడినా అది లేజరుది కాదు. గది దీపాలు, కంప్యూటరు తెర, పక్క యంత్రం మీద మినుకుమినుకుమనే చిన్న ఎల్‌ఈడీ, ఇలాంటివే కారణం. పాత చోక్ ఉన్న ట్యూబులైటు అయితే తన సంతకం చేసి మరీ దొరికిపోతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్, ట్యూబులైటు సెకనుకు 100 సార్లు మినుకుతుంది. మైక్రోస్కోపు సెకనుకు 400 వరుసలు గీస్తుంటే, బొమ్మలో సరిగ్గా నాలుగు వరుసలకొకటి చొప్పున చారలు పడతాయి. స్కాన్ వేగం సగం చేస్తే చారలు రెండు వరుసలకొకటి అవుతాయి. గది చీకటి చేయగానే మాయమవుతాయి. ఇక్కడితో సమస్య తీరిపోయే సందర్భాలు తక్కువేం కాదు. నల్లగుడ్డ కప్పడం, తెర వెలుగు తగ్గించడం, ఎల్‌ఈడీ మీద నల్ల టేపు అంటించడం, ఇంతే వైద్యం.

లేజరు ఆపినప్పుడు బొమ్మ నల్లగా ఉంటే, స్లైడు తీసేసి లేజరు వేసి మళ్లీ చూడాలి. స్లైడు లేకుండా మెరిసేదేదైనా యంత్రం లోపలిదే. బొమ్మ మధ్యలో ఒక తెల్లటి మచ్చ, దాని చుట్టూ వలయాలు కనబడతాయి చాలాసార్లు. స్లైడు పెట్టాక కూడా అది పోకపోతే స్లైడును కొంచెం ఆడించి చూడండి. స్లైడును మోసే స్టేజీని పక్కకు జరిపినా మచ్చ కదలదు. ఫోకస్ మార్చినా పట్టించుకోదు. జూమ్ పెంచితే మాత్రం పెద్దదవుతుంది. దీని అర్థం: అది స్లైడులో లేదు, దారిలో ఉన్న ఏదో లెన్సు ఉపరితలం నుంచి వస్తోంది. ఊగే అద్దాలు నడిమికి వచ్చినప్పుడు మాత్రమే కిరణం ఆ లెన్సుకు నిటారుగా తగిలి వెనక్కి తిరుగుతోంది. అందుకే మచ్చ ఎప్పుడూ మధ్యలోనే. ఈ మూడు గమనింపులు రాసి ఇస్తే ఇంజనీరుకు సగం పని తప్పుతుంది.

లేజరు స్వయంగా మడ్డిగా ఉండటం ఇంకో కారణం. లేజరంటే ఒకే రంగు అని చదువుకుంటాం. పాతకాలపు ఆర్గాన్ లేజరు గొట్టం తన లేజరు రంగులతో పాటు లోపలి వాయువు వెలిగే మెరుపును కూడా వదులుతుంది. డయోడ్ లేజర్ల అసలు రంగుకు అటూ ఇటూ మసక అంచులుంటాయి. ఆ మసకలో మన పచ్చ ఫిల్టరు దాటే రంగులుంటే డిటెక్టరు ముందున్న ఏ ఫిల్టరూ దాన్ని ఆపలేదు, ఎందుకంటే అది ఫిల్టరు పోనివ్వవలసిన రంగే. దీనికి లేజరు బయటికి వచ్చే చోటే ఇంకో ఫిల్టరు పెట్టి వెలుగును ముందే కడగాలి. చాలా కాన్ఫోకల్‌లలో లేజరు బలాన్ని తగ్గించి పెంచేది టెల్లూరియం డయాక్సైడ్ స్ఫటికం. దానిలోకి ధ్వని తరంగాలు పంపి కావలసిన రంగును కావలసినంత మళ్లిస్తారు. తెర మీద సున్నా శాతం అని ఉన్నా అది వెలుగును పూర్తిగా మూయకపోవచ్చు. పైగా గది వేడెక్కితే దాని సర్దుబాటు తప్పుతుంది. ఏసీ ఆగి మళ్లీ వచ్చిన రోజున బొమ్మల తీరు మారితే అనుమానించవలసినవాటిలో ఇదొకటి.

మన తీరం గాలి సంగతి విడిగా చెప్పాలి. తేమ నిలిచే గదిలో లెన్సుల మీద బూజు పడుతుంది. సన్నటి దారాల్లా పాకి, పూతను తినేస్తుంది. ఆ దారాలు లేజరును అన్ని వైపులకూ చెదరగొడతాయి. బొమ్మంతా పలచటి పొగ కప్పినట్టవుతుంది, ఏ ఫిల్టరు మార్చినా పోదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస ప్రాంతంలో తీరం దాటాక శ్రీకాకుళం జిల్లాలో చాలా ఊళ్లకు రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటి రోజుల్లో ఏసీ లేని ల్యాబులో లెన్సులకు దిక్కు సిలికా జెల్ వేసి మూసిన డబ్బా ఒక్కటే. కాలేజీల్లోని మామూలు మైక్రోస్కోపులకు కూడా ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. జెల్ గింజల రంగు మారగానే వేయించి మళ్లీ వేసుకోవచ్చు.

యంత్రమంతా బాగుందని తేలాక స్లైడు వంతు. రంగు వేయని అదే కణజాలాన్ని, అదే రోజు, అదే సర్దుబాట్లతో చూడాలి. ఈ పని దాటవేసిన బొమ్మను నేను నమ్మను. మూత్రపిండపు నాళికలు రంగు లేకుండానే మెరుస్తాయి. వాటిలోని లైపోఫ్యూసిన్ అనే వర్ణకం, కణజాలాన్ని నిలవచేయడానికి వాడే గ్లూటరాల్డిహైడ్, ఎర్ర రక్తకణాలు, ఆఖరికి ఆబ్జెక్టివ్ మీద వేసే నూనె, ప్లాస్టిక్ గిన్నె అడుగు, అన్నీ కాస్తో కూస్తో వెలిగేవే. ఇది దారి తప్పిన లేజరు కాదు, కానీ బొమ్మలో రెండూ ఒకేలా ఉంటాయి. వేరు చేయడానికి మంచి ఉపాయం ఉంది: లేజరును ఒకే చోట కాసేపు నిలిపి చూడటం. రంగు అణువుల మెరుపు క్రమంగా తరిగిపోతుంది, ఎందుకంటే అణువులు పాడవుతాయి. గాజు నుంచి తిరిగి వచ్చిన లేజరు ఎంతసేపైనా తగ్గదు. లైపోఫ్యూసిన్ మాత్రం మొండిది, అంత తొందరగా తరగదు, అందువల్ల ఈ ఒక్క పరీక్షతో తీర్పు చెప్పేయకూడదు. ఫోకస్‌ను పైకీ కిందికీ జరుపుతూ నిలువు కోతగా చూస్తే గాజు ప్రతిబింబం సన్నటి ఒక్క గీతలా కవర్‌స్లిప్ అంచున దొరుకుతుంది. కణజాలపు మెరుపు మందంగా పరుచుకుని ఉంటుంది.

అన్నిటికన్నా పదునైన సాక్ష్యం వర్ణపటం. ఇప్పటి కాన్ఫోకల్‌లు చాలావరకు వచ్చిన వెలుగును రంగు రంగుగా విడదీసి చూపగలవు. దారి తప్పిన లేజరు 488 దగ్గర సూదిలా నిలబడుతుంది. ఫ్లోరసెన్స్ మెట్ట దిగినట్టు వెడల్పుగా పరుచుకుంటుంది. ఇంతవరకూ తేలికే. కానీ ఒక్కోసారి ఉత్త నీళ్లు పెట్టి, డిటెక్టరును పూర్తి బలంతో చూస్తే, లేజరు రంగుకు చాలా దూరంగా, 585 దగ్గర ఒక మసక బుడిపె కనబడుతుంది. నీళ్లలో రంగు లేదు, ఫిల్టరు బాగుంది, గది చీకటి. మరి ఇది?

దీనికి జవాబు 1928 ఫిబ్రవరి 28 నాటిది. అదే సి.వి.రామన్ కనుగొన్న, వెలుగు రంగు మార్చుకుని చెదరడం. రామన్ చిన్నతనం గడిచింది విశాఖపట్నంలో. తండ్రి చంద్రశేఖర అయ్యర్ అక్కడి ఏవీఎన్ కాలేజీలో పాఠాలు చెప్పేవారు, పిల్లవాడు సెయింట్ అలోసియస్ బడిలో చదువుకున్నాడు. కలకత్తాలో ఆయన, కె.ఎస్.కృష్ణన్ చేసిన ప్రయోగంలో వాడింది రెండు రంగు ఫిల్టర్లు. ఒకటి ద్రవంలోకి వెళ్లే సూర్యకాంతిలోంచి నీలి ఊదాను మాత్రమే పంపేది, రెండోది ఆ రంగునంతా ఆపి పచ్చను మాత్రమే చూపేది. రెండూ కలిపి పట్టుకుంటే ఏమీ కనబడకూడదు. మధ్యలో ద్రవం పెడితే కనబడింది. ఈనాటి కాన్ఫోకల్‌లో లేజరు వైపు ఒక ఫిల్టరు, డిటెక్టరు వైపు ఇంకో ఫిల్టరు పెట్టడం అచ్చం ఆ ఏర్పాటే. ఒకే తేడా ఉంది. వాళ్లకు అడ్డు వచ్చింది ఫ్లోరసెన్స్: ద్రవంలో మలినాలున్నాయేమో, ఆ మెరుపు వాటిదేమో అన్న అనుమానంతో ద్రవాలను మళ్లీ మళ్లీ శుద్ధి చేశారు. మనం వెతుకుతున్నది ఫ్లోరసెన్స్, అడ్డు వచ్చేది రామన్ వెలుగు.

తేడా తేల్చే పద్ధతి అందంగా ఉంటుంది. లేజరు రంగు మార్చండి. ఫ్లోరసెన్స్ ఏ లేజరుతో లేపినా దాదాపు అదే రంగులో వస్తుంది, అది అణువు స్వభావం. రామన్ వెలుగు లేజరుకు ఎప్పుడూ ఒకే శక్తి దూరంలో నడుస్తుంది. నీటికి ఆ దూరం సెంటీమీటరుకు సుమారు 3,400 తరంగాలు. కాబట్టి 488 లేజరుతో 585 దగ్గర కనబడిన బుడిపె, 458 లేజరుతో 542 దగ్గరికి జరుగుతుంది, 514తో 623కి వెళ్తుంది. జరిగితే రామన్, కదలకపోతే ఫ్లోరసెన్స్. రామన్ దగ్గర పనిచేసి, 1932లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చిన సూరి భగవంతం ఈ చెదరడం మీదే ఒక గ్రంథం రాశారు, 1940లో వాల్తేరులోనే అచ్చయింది. కణజాలంలో ఇంత సన్నటి సంకేతం కోసం వెతికేవాళ్లకు నీటి రామన్‌ను తీసేసే మార్గం లేదు. ఎక్కడ వస్తుందో ముందే లెక్కగట్టి, ఆ రంగులకు దూరంగా ఉండే అద్దకాన్ని ఎంచుకోవడమే.

కోట్ల రూపాయల యంత్రం లేకపోయినా ఈ విద్య మొదలుపెట్టవచ్చు. పాతపట్నంలో ఏ హైస్కూలు పిల్లలైనా ఇలా చేసి చూడొచ్చు, లేజరు పాయింటరు మాత్రం వద్దు, మామూలు తెల్ల ఎల్‌ఈడీ టార్చి చాలు. టార్చి ముఖానికి నీలం సెలోఫేన్ కాగితం చుట్టండి. చిటికెడు పసుపును స్పిరిట్‌లో కలిపి, తేరాక పైన ఉన్న ద్రవాన్ని ఒక గాజు గ్లాసులో తీసుకోండి. చీకటి గదిలో టార్చిని గ్లాసు పక్కనుంచి వేసి, కంటికి అడ్డంగా పసుపుపచ్చ సెలోఫేన్ పట్టుకుని చూడండి. ద్రవం పచ్చగా వెలుగుతుంది, అది కుర్కుమిన్ ఫ్లోరసెన్స్. కానీ దాన్ని చూడటానికి ముందు గ్లాసులో ఉత్త స్పిరిట్ పోసి చూడాలి. రెండు కాగితాలూ అడ్డుగా ఉన్నా కాస్త ఎర్రటి, ఆకుపచ్చటి వెలుగు ఇంకా వస్తుంటే, ఆ సెలోఫేన్ తనకు చెప్పని రంగులు కూడా వదులుతోందన్నమాట. టార్చికి ఇంకో నీలం పొర చుట్టి, ఎంత తగ్గిందో చూసి, కాగితం మీద రాసుకుని, ఆ తర్వాతే పసుపు గ్లాసును ముందుకు తీసుకోవాలి.